మిగిలిన మాత్రల కానుక

మా మేనకోడలి గుండె భద్రాచలంలో వేసిన సూదివల్ల చెడిపోయిందని మా చర్చి సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు కూడా ప్రార్థన విన్నపాల్లో కలిపి మరీ చెబుతారు. "బంగారమసొంటి పిల్ల, సూదేసినంక గట్లయింది" అని ఒకరు. "డాక్టర్లకేం తెల్సు, పైసలు గుంజుడు తప్ప" అని ఇంకొకరు. నేను దగ్గర్లో ఉంటే గొంతు తగ్గిస్తారు. లేకపోతే తగ్గించరు.

సూది వేసింది గుండె చెడిన తర్వాత. ముందు కాదు. కారణం ముందొస్తుంది, ఫలితం వెనకొస్తుంది అని దుమ్ముగూడెం హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలకు చెప్పి ఒప్పించగలిగాను గానీ, డిగ్రీలు చదివి మందిరంలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్లను ఒప్పించలేకపోయాను. అందుకే రాస్తున్నాను. నోటితో చెబుతుంటే మధ్యలో ఆపి "ప్రార్థన చేద్దాం టీచరుగారూ" అంటారు. కాగితాన్ని అట్లా ఆపలేరు.

ముందు మందుల డబ్బా సంగతి చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో భద్రాచలంలోని మా సంఘంలో అదొక ఆచారం. పెద్ద బిస్కెట్ల డబ్బా, మూతకు కోసిన సందు, పైన ఎర్రరంగుతో ప్లస్ గుర్తు. కానుకల సంచి పక్కన స్టూలు మీద పెట్టేవారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి తగ్గాక మిగిలిన మాత్రలు అందులో వేయాలి. ఏడాదికోసారి పంటలు ఇంటికొచ్చాక స్త్రీల సమాజం వాళ్లు ఆ డబ్బా పట్టుకుని జీపెక్కి, చర్ల దాటి అడవి ఊళ్లకు వెళ్లి పంచి వచ్చేవారు. దానికి మెడికల్ క్యాంపు అని పేరు. అందులో మెడికల్ అనదగ్గది జీపుకు కట్టిన బ్యానరు మీది అక్షరాలే.

ఈ ఆలోచన పుట్టింది పాస్టరుగారి భార్య బుర్రలో. అందరం ఆమెను అమ్మగారు అంటాం. మధిర వైపు మనిషి, మాట మెత్తన. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే ఇంత నష్టం చేయగలిగేది కాదు, ఎవరో ఒకరు మొదట్లోనే అనుమానపడేవారు. ఆరాధన చివర ఆమె డబ్బాను రెండు చేతులతో ఎత్తి ఊపేది. "ఈ వారం బరువు పెరిగింది, దేవునికి స్తోత్రం" అనేది. ఎవరు వేశారో ఎవరు వేయలేదో అందరికీ తెలిసేది, ఎందుకంటే వేయాలంటే స్టూలు దాకా నడవాలి.

డబ్బా నిండాలంటే మాత్రలు మిగలాలి. మాత్రలు మిగలాలంటే ఎవరో ఒకరు మింగడం మానాలి. ఇంత చిన్న సంగతి అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. తలనొప్పి గోలీ మిగిలితే మిగిలింది, నొప్పి పోయాక దాంతో పనేముంది. ఆంటీబయాటిక్ మిగిలిందంటే మాత్రం ఆ ఇంట్లో వైద్యం సగంలో ఆగిందని అర్థం. మా వాళ్లు దాన్ని దాతృత్వం అన్నారు.

మా తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్. వాడి భార్య తిరుమలాయపాలెం దగ్గరి పిల్ల, పొలం పనుల్లో పెరిగిన గట్టి మనిషి. టీచర్ల భార్యలు, బ్యాంకు ఉద్యోగుల భార్యలు నిండిన ఆ సమాజంలో ఆమె చాప చివర కూర్చునేది. ఆమెకు వచ్చిన చిక్కు ఏమిటంటే, పిల్లకు జబ్బు రాదు. ఒక్కతే కూతురు, మూడో తరగతి, గోదావరి గట్టు మీద మగపిల్లలతో పోటీపడి పరుగెత్తే రకం. జలుబు చేస్తే ముక్కు చీది మళ్లీ ఆటకే పోయేది.

ఉద్యోగం దుమ్ముగూడెంలోనైనా ఆదివారాలు నేను తమ్ముడింటికే వచ్చేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మరదలు నాతో గొణిగింది: "మనింట్ల ఏం మిగలయి వదినా. దీనికి జెరం గూడ రాదు."

"రాకపోతే సంతోషించవే."

"సంతోషమే. కని అందరు లేసిపోయి డబ్బల ఏస్తుంటరు, నేనొక్కదాన్నే కూసుంటె మంచిగుంటదా?"

పిల్ల ఆరోగ్యంగా ఉండటం కూడా తల్లికి తలవంపులుగా తోచే చోటును భక్తి అనాలో ఇంకేమనాలో, మీరే చెప్పండి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక పిల్లకు నిజంగానే జ్వరం వచ్చింది. శనివారం బడి ఒంటిపూట కావడంతో నేను మధ్యాహ్నం బస్సుకే భద్రాచలం వచ్చాను. ఎప్పుడూ గుమ్మంలోనే ఎదురొచ్చే పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఉమ్మి కూడా మింగలేక తువ్వాల్లో ఊస్తోంది. ఒళ్లు కాలుతోంది. దగ్గు లేదు, తుమ్ము లేదు.

"పుల్ల ఐసు తిన్నది, దానికే" అని మరదలు తేల్చేసింది. వీధి చివర ఉండే వైద్యుడు, అంటే ఒక దవాఖానాలో కొన్నాళ్లు కట్లు కట్టి తర్వాత తనంతట తాను డాక్టరైన మనిషి, అప్పటికే కబురు పంపాడట, రెండు సూదులు, ఒక సెలైను పడితే లేచి కూర్చుంటుందని. ఏ రోగానికైనా ఆయన చేసేది అదే. "ఆయన దగ్గరికి తీసుకపోతే నేను మీ గడప తొక్క" అని చెప్పి, పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కాను. మరదలు వెనకాల చెప్పులు వేసుకుంటూ వచ్చింది.

వంతెన వైపు పిల్లల డాక్టరు ఒకాయన ఉండేవాడు. తక్కువ మాట్లాడతాడని ఆయనకు చెడ్డపేరు. మా ముందు ఒక తల్లి, ఒళ్లో దగ్గుతున్న కొడుకు. వాడి ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. డాక్టరు నోరు తెరిపించి చూసి, ఛాతీ విని, జ్వరం మందు ఒక్కటే రాశాడు.

"గంతేనా సార్?" అంది ఆమె.

"ఇది జలుబమ్మా. వైరస్. నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లు తాగించండి. ఆయాసం వచ్చినా, పాలు నీళ్లు తాగడం మానేసినా వెంటనే తీసుకురండి."

"ఉత్త నీళ్లు తాపనీకి గింత దూరం రావాల్నా? పెద్ద మందు రాయిండ్రి సార్, ఆంటీబాటిక్."

"అది వైరస్ మీద పనిచేయదు. రాస్తే వీడికి విరేచనాలు పట్టుకుంటాయి, దగ్గు మాత్రం పోవలసినప్పుడే పోతుంది."

ఆమె బయటికొచ్చి అందరికీ వినబడేట్టు "ఈయనకు చేతగాదు" అని, ఎదురుగా మందుల దుకాణానికి వెళ్లి రంగురంగుల గొట్టం మాత్రలు అడిగి కొనుక్కుంది. దుకాణంవాడు మారుమాట లేకుండా ఇచ్చాడు. డాక్టరు కాదన్నదాన్ని ఇచ్చే దుకాణం తలుపుకెదురుగానే ఉంటే ఇక డాక్టరెందుకు?

మా వంతు వచ్చింది. ఆయన మా పిల్లను దగ్గు ఉందా అని అడిగాడు. లేదు. ముక్కు కారుతోందా? లేదు. టార్చి వేసి నాలుక మీద చెంచా ఆనించి "ఆ" అనమన్నాడు. నన్ను కూడా వంగి చూడమన్నాడు. రెండువైపులా టాన్సిల్సు ఎర్రగా ఉబ్బి, వాటి మీద తెల్లటి చీము చుక్కలు. దవడ కింద మెడ ముందుభాగంలో వేళ్లతో నొక్కితే పిల్ల కెవ్వుమంది. అక్కడ గ్రంథులు ఉబ్బి బిళ్లలు కట్టాయి.

"స్ట్రెప్ అనే బాక్టీరియా అనుకుంటున్నాను" అన్నాడు. "ఖాయంగా తేలాలంటే గొంతులో దూదిపుల్లతో తుడిచి ల్యాబులో పెంచి చూడాలి. ఇక్కడ ఆ వసతి లేదు. కానీ ఈ వయసు, ఈ జ్వరం, ఈ బిళ్లలు, ఈ చీము, దగ్గు లేకపోవడం, అన్నీ అటే చూపిస్తున్నాయి. పైగా ఈ చుట్టుపక్కల దీనివల్ల గుండె పాడైన పిల్లల్ని చూస్తున్నాను. కాబట్టి మందు ఇస్తున్నాను."

మరదలు నావైపు తిరిగి చెవిలో గుసగుసలాడింది: "దగ్గు ఖొల్ ఖొల్ మనెటోనికి ఇయ్యలే, దగ్గు లేనిదానికి ఇస్తండు. ఏంది వదినా ఈయన ఉల్టా యవ్వారం?"

ఆయనకు వినబడింది. "ఈ గొంతు మందు లేకపోయినా కొన్నాళ్లకు మానుతుందమ్మా. ఈ మందు గొంతు కోసం కాదు, గుండె కోసం" అన్నాడు. ఈ పిల్లల్లో కొందరికి గొంతు మానిన రెండు మూడు వారాలకు కీళ్లు వాస్తాయని, ఆ తర్వాత గుండె కవాటాలు దెబ్బతింటాయని, ఆ దారి మూసేయడానికే ఈ మందని విడమరచి చెప్పాడు. పెన్సిలిన్ ఎప్పుడైనా పడలేదా, దద్దుర్లు వచ్చాయా అని అడిగాడు. తర్వాత రెండు దారులు చూపించాడు. ఒక్కటే పెద్ద సూది ఇప్పుడే వేయించుకుని ఇంటికి పోవచ్చు, నొప్పి ఉంటుంది. లేదంటే పది రోజులు మాత్రలు.

"సూదొద్దు సార్. మా వాడకట్టుల ఒక పోరనికి సూదేస్తె గడ్డయింది."

"వేయించవే, ఒక్కసారితో పోతుంది" అన్నాను నేను.

"నీ పిల్ల గాదు గద వదినా." ఆ మాటతో నా నోరు మూయించింది. మూతపడటం నా నోటికి అలవాటు లేదు గనుక నాకు బాగా గుర్తుంది.

డాక్టరు మాత్రలే రాశాడు. "జ్వరం రెండు మూడు రోజుల్లో పోతుంది. పోయినా ఆపొద్దు. ఎన్ని రోజులు?" అని అడిగాడు. "పది రోజులు సార్" అంది మరదలు. మళ్లీ చెప్పించాడు. సండేస్కూలు పిల్ల కంఠత వాక్యం అప్పజెప్పినట్టు చెప్పింది. వాక్యం నోటికి రావడం వేరు, పాటించడం వేరు. ఆ ఎరుక మా సంఘం వాళ్లకు ఉంటే ఇంకేం కావాలి.

నేను దుమ్ముగూడెం వెళ్లిపోయాను. యూనిట్ పరీక్షల పేపర్లు మీద పడటంతో తర్వాతి ఆదివారం రాలేకపోయాను. వచ్చేసరికి పిల్ల లేచి తిరుగుతోంది. "మందులు?" అంటే "అవ్ వదినా, అయినయ్" అంది మరదలు. అయిపోయాయనే అనుకున్నాను.

ఆ నెలలోనే క్యాంపు పెట్టారు. బడికి సెలవు కావడంతో నేనూ వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. నేను వస్తానంటే ఎవరూ సంబరపడలేదు కూడా. ముందురోజు మధ్యాహ్నం మందిరం హాల్లో దుప్పటి పరిచి డబ్బా గుమ్మరించారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని రాళ్లు ఏరినట్టు ఏరుతున్నారు. ఎట్లా ఏరుతున్నారయ్యా అని చూస్తే, రంగును బట్టి. తెల్లవి జ్వరానికట. గులాబీవి నొప్పులకట. పసుపు పచ్చవి "బలానికి" అట. రెండు రంగుల గొట్టాలు గొంతుకు, దగ్గుకు. సగం పట్టీలకు పేరున్న వైపు చిరిగిపోయింది.

ఒక చిన్న తెల్లమాత్ర ఎత్తి చూపించి అడిగాను: "అమ్మగారూ, ఇది జ్వరం మందో, మీ ఆయన బీపీ మందో, ఎట్లా తెలుస్తుంది?"

"విశ్వాసంతో ఇచ్చిందేదీ హాని చేయదు టీచరుగారూ."

"విశ్వాసానికి బీపీ ఉన్నవాడు, లేనివాడు తేడా తెలుస్తదా?"

"నీకన్నిట్ల వంకలే అక్కా" అంది బ్యాంకు ఉద్యోగి భార్య, పసుపు పచ్చవి మూట కడుతూ. "ఆళ్లకు గివి గూడ దొరుకుతయా ఏంది?"

ఆ "గివి గూడ" అన్న రెండు మాటల్లో మా సేవ మొత్తం ఇమిడిపోయింది.

మర్నాడు పొద్దున జీపు చర్ల దాటాక రోడ్డు పోయి రాళ్లు మిగిలాయి. పోలీసు క్యాంపు దగ్గర ఆపి అందర్నీ దింపారు. "గిన్ని మందులు ఎవలికి మోస్కపోతున్రు? లోపలోళ్లకా, అన్నలకా?" అని ఒక జవాను మూటలు విప్పించాడు. అమ్మగారు సేవ గురించి చెప్పింది. అతను కాసేపు విని, మెడ తడుముకుని, "నాకు గూడ గొంతు గరగరమంటంది, ఒక రెండియ్యిండ్రి" అన్నాడు. ఆమె సంతోషంగా రెండు రంగుల గొట్టాలు పిడికెడు పోసింది. అక్కడే ఒకటి నోట్లో వేసుకున్నాడు. మమ్మల్ని వదిలేశాడు. అడవిలోకి పోకముందే మా వైద్యం మొదలైపోయింది.

ఊరు చిన్నది. పోడు చేలు, అటు వాగు, దాని ఒడ్డున నిటారుగా గట్టు, గట్టు మీద ఇళ్లు. పిల్లల్ని వరసలో నిలబెట్టారు. దగ్గే పిల్లకు ఒక గొట్టం, దగ్గని పిల్లకూ ఒక గొట్టం, ఎవరినీ చిన్నబుచ్చకుండా. ప్రభురాత్రి భోజనంలో రొట్టెముక్క పంచినట్టు తలా ఒకటి. ఒక గొట్టంతో ఏ జబ్బు పోతుందని అడిగితే, "అందరికీ అందాలి కదండీ" అన్నారు.

ఒక కోయ తల్లి కూతుర్ని ముందుకు తోసి, గొంతు చూపించి, మింగలేకపోతోందని సైగ చేసింది. మా మేనకోడలి వయసే ఉంటుంది. దగ్గు లేదు. నేను ముట్టుకుని చూస్తే ఒళ్లు కాలుతోంది, దవడ కింద బిళ్లలు చేతికి తగిలాయి. నేను డాక్టర్ని కాదు, కానీ ఆ శనివారం చూసింది ఇంకా కళ్లముందే ఉంది. "చర్ల దవాఖానాకు తీసుకపో తల్లీ, ఇయ్యాల్నే తీసుకపో, మా జీపెక్కు" అన్నాను. అమ్మగారు అప్పటికే నిండు పట్టీని ఇంకొకరికని పక్కనపెట్టి, మూటలోంచి సగం పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టింది. "గొంతుకు మంచి మందు దొరికిందమ్మా, నిన్ననే కనబడింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి, అయిపోయేదాకా."

అయిపోయేదాకా! అది మూడు రోజులకు కూడా రాదు.

చేతికి మందు వచ్చాక ఇక ఏ తల్లి జీపెక్కుతుంది? ఆమె ఎక్కలేదు. కానీ పట్టీని అటూ ఇటూ తిప్పి, సగం ఖాళీగా ఉన్న గుంటలను బొటనవేలితో నొక్కి చూసి, అమ్మగారిని అడిగింది: "గివి మీ పిల్లలు తిన్నయా?"

"అవునమ్మా. వాళ్ల ప్రేమకొద్దీ మీకోసం పంపారు."

"మరి ఆళ్లకు?"

అమ్మగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. నేను చెప్పానుగా, మధ్యలో ఆపడం వీళ్లకు బాగా వచ్చు.

ఆ తర్వాతి ఆదివారం మందిరంలో క్యాంపు సాక్ష్యాలు. అమ్మగారు మైకు ముందు ఆ గొంతునొప్పి పిల్ల గురించి చెప్పింది, సరిగ్గా ఆ పిల్లకు కావలసిన మందే దేవుడు డబ్బాలో సిద్ధం చేశాడని. "ఆ మందు ఇచ్చిన తల్లి ఇక్కడే ఉంది" అని చేయి చాపింది. చాప చివరినుంచి మా మరదలు లేచింది. ముఖం వెలిగిపోతోంది. జీవితంలో మొదటిసారి మైకు పట్టుకుంది.

"నా బిడ్డకు గొంతు బాగలేక మందులు తెచ్చినం. మూడో దినానికే జెరం పోయింది, దేవునికి స్తోత్రం. మిగిలినయి నా బిడ్డ నోటికాడివి తీసి డబ్బల ఏసిన. గవి ఇంకో బిడ్డకు పనికొచ్చినయ్..."

చప్పట్లు. నేను లేచాను. మందిరంలో ఆడది సాక్ష్యం మధ్యలో లేవడం అంతకుముందు జరగలేదట, తర్వాత చాలామంది చెప్పారు.

"ఎన్ని రోజులు వాడమన్నడే డాక్టరు?"

మైకు కీచుమంది. మరదలు నన్ను చూసి, అలవాటుగా, "పది రోజులు" అంది. మైకులోనే అంది. కొందరు నవ్వారు. పాస్టరుగారు "కీర్తన అందుకుందాం" అన్నారు.

ఇంటికొచ్చాక యుద్ధమే అయింది. పిల్లను ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం, సూదైనా వేయించుకుందాం అన్నాను. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్" అని మరదలు ఏడ్చింది. మా తమ్ముడు నూనె మరకల చేతులు తుడుచుకుంటూ, "అక్కా, అది సూడు, జామచెట్టెక్కి కూసున్నది. గట్ల ఆడుకునే పిల్లను దవాఖానకు తోల్కపోతే నవ్వుతరు" అన్నాడు.

"నవ్వనియ్యి."

"నీకు నవ్వినా ఏం కాదు. మేం ఈడ బతకాలె."

పిల్ల జామచెట్టు మీదినుంచి నా మీదికి కాయ విసిరింది. ఆ పరుగు, ఆ కొమ్మలెక్కడం, అదే వాళ్ల సాక్ష్యం, నా దగ్గరేమో ఒక డాక్టరు చెప్పిన మాట. వాళ్లే గెలిచారు.

ఆ గెలుపు ఎన్నాళ్లో నిలవలేదు. మొదట మోకాలు వాచింది. చెట్టు మీదినుంచి పడిందన్నారు. అది తగ్గి చీలమండ వాచింది. ఎదిగే పిల్లల నొప్పులని నూనె రాశారు. తర్వాత మోచెయ్యి. చివరికి డాబా మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయి, "అమ్మా, ఊపిరొస్తలేదు" అందట. అప్పుడు నాకు ఫోను చేశారు, ఎదురింటివాళ్ల నంబరునుంచి.

అదే డాక్టరు. ఈసారి ఛాతీ మీద స్టెతస్కోపు చాలాసేపు ఉంచాడు. "పది రోజులూ వేశారా?" అన్నాడు.

మరదలు నేల చూస్తూ అంది: "కానుకేసిన సార్."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను, డబ్బా, స్టూలు, క్యాంపు, అంతా. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే మరదలికి కాస్త తేలికయ్యేదేమో. ఖమ్మం పంపి గుండె స్కానింగు చేయించాడు. కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు, రక్తం వెనక్కి కారుతోంది. మళ్లీ ఆ గొంతు జబ్బు వస్తే గుండె ఇంకా పాడవుతుంది, అది రాకుండా మూడు వారాలకోసారి సూది. ఏళ్ల తరబడి, పెద్దదయ్యేదాకా. ఒక్కసారి వద్దన్న ఆ సూదే.

ఇదీ జరిగింది. మా సంఘం వాళ్లు చూసింది మాత్రం, పిల్ల సూదికి పోయిందని, గుండెజబ్బుతో తిరిగొచ్చిందని. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. సూదిది తప్పయితే డబ్బా తప్పించుకుంటుంది, చప్పట్లు తప్పించుకుంటాయి. ఈ మాట అమ్మగారి ముందే అన్నాను. ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"టీచరుగారూ, ఆ తల్లి మనసు ఇంకా విరగ్గొడతారా? సూది వల్లనుకుంటే ఆమెకు నిద్రైనా పడుతుంది."

జాలిగానే అంది. కానీ ఆ జాలి ఏం చేసిందో వినండి. సూదివల్లే చెడిందని నలుగురూ అంటుంటే మా తమ్ముడు ఒకసారి సూది ఎగ్గొట్టాడు. "అందరు గదే అంటున్రు అక్కా, ఇంకా పాడైతదేమో" అన్నాడు. పిల్లకు ఏకైక అడ్డుగోడ ఆ సూది. దాన్ని కూడా జాలితో కూల్చబోయారు. అప్పట్నుంచి మూడు వారాలకోసారి నేనే సెలవు పెట్టి తీసుకెళ్లాను. మరదలికి నిజం తెలుసు. ఆమెకు నిద్ర పట్టడం లేదని నాకూ తెలుసు. అయినా సంచిలో నీళ్ల సీసా, తువ్వాల సర్ది మాకంటే ముందు గుమ్మంలో నిలబడేది. నేను వెక్కిరించగలిగినంత మందినీ వెక్కిరించాను గానీ ఆమెను మాత్రం వెక్కిరించలేదు. చాప చివరనుంచి ముందుకు రావాలనుకోవడం నేరమా? ఆ చాపను అట్లా పరిచినవాళ్లది కదా నేరం.

సూది వేయించుకుని కుంటుతూ వచ్చేటప్పుడు, ఒకసారి ఆటోలో మేనకోడలు అడిగింది.

"అత్తా, నా గోలీలు మింగిన పిల్లకు తగ్గిందా?"

"తెల్వదే."

"నాకు మూడు దినాలు సరిపోలే గద. మరి దానికెట్ల సరిపోతయ్?"

పాస్టరుగారిని అడిగాను. "దేవుని చేతుల్లో ఉంది" అన్నారు. అమ్మగారిని అడిగాను. క్యాంపు మళ్లీ ఏడాది అన్నారు, ఆ ఏడాది అటు కాల్పులు జరుగుతున్నాయని వేరే ఊరికి పోయారు. నేనే ఒకసారి చర్ల దాకా బస్సులో వెళ్లి, అక్కణ్నుంచి ముందుకు పోనివ్వక పోలీసులు ఆపితే వెనక్కి వచ్చాను. చర్ల సంతలో ఆ ఊరివాళ్లెవరైనా కనబడతారేమోనని కొన్ని వారాలు వెళ్లి నిలబడ్డాను. పిల్ల పేరు నేను అడగలేదు, అమ్మగారు అడగలేదు, మైకులో కూడా "ఒక బిడ్డ" అనే చెప్పారు. పేరు లేని పిల్ల గురించి ఎవరిని వాకబు చేస్తాం?

స్తోత్రాలు వద్దు, వివరణలు వద్దు. ఆ ఊరికి వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా చదివితే ఒక్కటి చెప్పండి. వాగులో నీళ్లు ముంచుకుని ఆ గట్టు ఎక్కేటప్పుడు, ఆ పిల్ల ఆగకుండా పైదాకా ఎక్కగలుగుతోందా, లేక మధ్యలో బిందె దించి కూర్చుంటోందా?